నీటిమీద తొమ్మిది గీతలు

2011 జులై 22. మన తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ ఐరావత్ వియత్నాంలోని న్యా చాంగ్ రేవు విడిచి, ఉత్తరాన ఉన్న హై ఫాంగ్ రేవుకు బయలుదేరింది. విశాఖపట్నం ఆ ఓడకు సొంత రేవు. స్నేహం కోసం వెళ్లిన ప్రయాణం అది. వియత్నాం తీరానికి 45 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే దాదాపు 83 కిలోమీటర్లు లోపలికి వెళ్లాక, అందరికీ వినపడే రేడియో చానెల్‌లో ఒక గొంతు పలికింది. తాను చైనా నౌకాదళాన్నని చెప్పుకుంది. మీరు చైనా జలాల్లోకి వస్తున్నారని హెచ్చరించింది. మనవాళ్లు చుట్టూ చూశారు. ఏ ఓడా కనిపించలేదు. ఆకాశంలో విమానమూ లేదు. ఉన్నదల్లా ఆ గొంతే.

పక్కనే వియత్నాం తీరం. చైనా నేల అక్కడికి వందల కిలోమీటర్ల అవతల. అయినా ఇవి మా నీళ్లని అంత ధీమాగా ఎలా అనగలిగింది? ఆ గొంతు వెనక ఒక పటం ఉంది. ఆ పటంలో దక్షిణ చైనా సముద్రాన్ని ఆవు నాలుక ఆకారంలో చుట్టేసిన తొమ్మిది తెగిన గీతలు ఉన్నాయి. ఈ రోజు ఆసియాలో ఇంతమంది పొరుగువాళ్ల మధ్య ఇంత పంతం పెంచిన గీత మరొకటి లేదు. దాన్ని ఎవరు గీశారు, ఎందుకు గీశారు, ఏం చూసి గీశారు అని వెతుక్కుంటూ వెళితే కథ యుద్ధనౌకల దగ్గర ఆగదు. ఒక దేశం మనసుకు తగిలిన గాయం దగ్గరికీ, ఒక భూగోళ పాఠం దగ్గరికీ తీసుకెళ్తుంది.

ఒకే సముద్రం, ఎన్నో పేర్లు

ఈ సముద్రం విస్తీర్ణం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన చైనా, తైవాన్. పడమట వియత్నాం. తూర్పున ఫిలిప్పీన్స్. దక్షిణాన మలేసియా, బ్రూనై, ఇండోనేసియా. చైనావాళ్లకు ఇది దక్షిణ సముద్రం. వియత్నాంవాళ్లకు తూర్పు సముద్రం. ఫిలిప్పీన్స్ తన వైపు నీటికి 2012లో పశ్చిమ ఫిలిప్పీన్ సముద్రమని అధికారికంగా పేరు పెట్టుకుంది. ఇండోనేసియా 2017లో తన వాటాను ఉత్తర నతునా సముద్రం అంది. ఎవరి వాకిట్లో నిలబడి చూస్తే ఆ దిక్కు పేరు.

ఇందులో పెద్ద దీవులు లేవు. ఉత్తరాన ప్రటాస్, పడమట పారాసెల్, దక్షిణాన స్ప్రాట్లీ అనే గుంపులున్నాయి. తూర్పున ఫిలిప్పీన్స్‌లోని లూజోన్ తీరానికి సుమారు 120 నాటికల్ మైళ్ల దూరంలో స్కార్‌బరో దిబ్బ. వీటిలో చాలావరకు పోటు వచ్చినప్పుడు మునిగి, పాటు వచ్చినప్పుడు తేలే పగడపు దిబ్బలే. స్ప్రాట్లీ గుంపులో సహజంగా ఏర్పడ్డవాటిలో అన్నిటికన్నా పెద్దదైన ఇటు అబా దీవి పొడవు కిలోమీటరున్నర కూడా ఉండదు. తాటితోపంత నేల కోసం ఇన్ని దేశాలు కొట్టుకోవడం వింతగా తోస్తుంది. కానీ ఆ నేల చుట్టూ చేపలున్నాయి, అడుగున చమురు, సహజవాయువు ఉన్నాయి, మీదుగా ప్రపంచ సముద్ర వాణిజ్యంలో సుమారు మూడో వంతు సాగిపోతుంది. నేల మీద హక్కు ఉంటే నీటి మీద హక్కు వస్తుంది. అందుకే ఆ రాళ్లకు అంత విలువ.

అవమానం నుంచి పుట్టిన పటం

1907లో నిషిజావా అనే జపాన్ వ్యాపారి మనుషులను వెంటబెట్టుకుని ప్రటాస్ దీవిలో దిగాడు. తరతరాలుగా అక్కడ పేరుకుపోయిన పక్షిరెట్ట పొలాలకు మంచి ఎరువు. దాన్ని తవ్వి అమ్ముకోవడం అతని పని. దీవికి తన పేరే పెట్టుకున్నాడు కూడా. ఈ సంగతి తెలిసి దక్షిణ చైనాలో జనం మండిపడ్డారు. అప్పటికే నల్లమందు యుద్ధంలో ఓడి హాంకాంగ్‌ను పోగొట్టుకున్నారు. 1895లో తైవాన్‌ను జపాన్‌కు అప్పగించారు. ఇంకా ఎంత పోవాలి అన్న ఆక్రోశం అది. చివరికి 1909లో పరిహారం చెల్లించి ఆ దీవిని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది అడ్మిరల్ లీ జున్ పారాసెల్ దీవులకు ఓడలు తీసుకెళ్లి, జెండా పాతి, తుపాకులు పేల్చి వచ్చారు.

అప్పటికి చైనా లెక్కలో దక్షిణపు హద్దు ఆ పారాసెల్ దీవులే. 1914లో హూ జిన్‌జియే అనే పటాల కూర్పరి తన పటంలో సముద్రం మీద ఒక గీత గీశారు. దాని లోపల ఉన్నవి ప్రటాస్, పారాసెల్ గుంపులు మాత్రమే. స్ప్రాట్లీ ఊసే లేదు.

గీత దక్షిణానికి జారింది 1933 తర్వాత. వియత్నాంను ఏలుతున్న ఫ్రాన్స్ ఆ ఏడాది స్ప్రాట్లీ దీవులు కొన్నిటిని తనలో కలుపుకున్నట్టు ప్రకటించింది. చైనాలో మళ్లీ ఆగ్రహం రేగింది. అయితే ఫ్రాన్స్ చెప్పే దీవులూ, తాము ఎరిగిన పారాసెల్ దీవులూ ఒకటేనా అన్న గందరగోళం చైనా ప్రభుత్వంలోనే నెలకొంది. ఇక ఇలా కుదరదని పటాల పరిశీలన సంఘానికి పని అప్పగించారు. ఆ సంఘం 1935లో ఈ సముద్రంలోని 132 దీవులు, దిబ్బలు, తిన్నెలకు చైనా పేర్లతో జాబితా ప్రచురించింది.

ఆ జాబితాను కాస్త దగ్గరగా చూడాలి. సంఘంలోని వాళ్లు సముద్రానికి వెళ్లి కొలతలు తీసుకోలేదు. బ్రిటిష్ నావికుల పటాలు ముందు పెట్టుకుని పేర్లు మార్చారు. ఇంగ్లీషులో ఒక జాతి జింక పేరున్న దిబ్బకు చైనా భాషలో అదే జింక పేరు పెట్టారు. తర్జుమా కుదరనిచోట ధ్వనిని పట్టుకున్నారు. దక్షిణాన, మలేసియాలోని సరవాక్ తీరానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో జేమ్స్ షోల్ అనే చోటు ఉంది. జేమ్స్ అన్న ధ్వనిని జెంగ్‌మూ చేశారు. షోల్ అంటే నీటి అడుగున ఉండే మెరక. దానికి వాడిన తాన్ అనే చైనా మాట నీటిపైకి కనిపించే ఇసుకతిన్నెకూ చెల్లుతుంది. ఆ ఒక్క మాటతో నీళ్లలో ఉన్నది కాగితం మీద నేలైపోయింది. ఎందుకంటే జేమ్స్ షోల్ పైకి తేలిన తిన్నె కాదు. ఎంత పాటు వచ్చినా అది 20 మీటర్లకు పైగా లోతులోనే ఉంటుంది.

మరుసటి ఏడాది, 1936లో, బాయ్ మెయిచూ అనే భూగోళ పండితుడు ఒక పటాల పుస్తకం తెచ్చారు. విద్యార్థులకు దేశభక్తి నూరిపోయడం భూగోళ పాఠం మొదటి కర్తవ్యమని నమ్మిన మనిషి ఆయన. చైనా బడుల్లో అప్పట్లో జాతీయ అవమాన పటాలని ఉండేవి. ఒకనాడు మనది ఇంత, ఇంతింత పోయింది అని పిల్లలకు రంగుల్లో చూపించేవి. బాయ్ ఆ భావంతోనే సముద్రం చుట్టూ గీత లాగి, దాన్ని దక్షిణాన జేమ్స్ షోల్‌ను కూడా కలుపుకునేలా దించారు. ఈనాటి తొమ్మిది గీతలకు అసలు తాత ఆ పటమే.

ఆ గాయాన్ని నేను చిన్నబుచ్చను. వలస పాలన కింద నలిగిన మనకు ఆ నొప్పి తెలుసు. తన ఇంట్లో దోపిడీ జరిగిన మనిషి గడియ గట్టిగా బిగించుకుంటాడు, అది న్యాయమే. కానీ ఆ కోపంలో పక్కింటి పెరడు కూడా మనదేనని రాసుకుంటే, మన గాయం మానకపోగా ఇంకో ఇంట్లో కొత్త గాయం మొదలవుతుంది.

పదకొండు తొమ్మిదయ్యాయి

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ దీవులన్నీ జపాన్ చేతికి వెళ్లాయి. జపాన్ ఓడిపోయాక, 1946 చివర్లో, చైనాను ఏలుతున్న చియాంగ్ కై షేక్ ప్రభుత్వం అమెరికా ఇచ్చిన యుద్ధనౌకలను ఈ సముద్రానికి పంపింది. వాటిలో తాయ్‌పింగ్ అనే ఓడ ఇటు అబా చేరింది. దీవికి ఆ ఓడ పేరే పెట్టారు. జోంగ్‌యే అనే ఓడ పేరు ఇంకో దీవికి, యోంగ్‌షింగ్ అనే ఓడ పేరు పారాసెల్‌లోని పెద్ద దీవికి వచ్చాయి. చైనా పటాల్లో ఈనాటికీ ఇవే పేర్లు. అనాది హక్కుకు ఆనవాళ్లుగా చూపే ఈ పేర్ల వయసు ఎనభై ఏళ్లే.

ఈ పనిలో ప్రభుత్వానికి సలహాలిచ్చిన భూగోళ నిపుణుల్లో బాయ్ మెయిచూ శిష్యులు ఉన్నారు. గురువు గీసిన గీత శిష్యుల చేతిలో సర్కారు గీతైంది. 1947లో తయారై, 1948లో అచ్చైన పటంలో అది పదకొండు ముక్కల గీత. 1949లో చియాంగ్ ఓడి తైవాన్‌కు వెళ్లిపోయారు. గెలిచిన కమ్యూనిస్టులు ఆయన ప్రభుత్వాన్ని తిరస్కరించారు, ఆయన పటాన్ని మాత్రం ఉంచుకున్నారు. 1950ల తొలి సంవత్సరాల్లో వియత్నాం పక్కనున్న టాంకిన్ అఖాతంలోని రెండు ముక్కలు తీసేశారు. మిగిలినవి తొమ్మిది. ఆ చెరిపేసిన రెండు ముక్కల్ని గుర్తుపెట్టుకోండి, వాటి దగ్గరికి మళ్లీ వస్తాను.

మన ఊళ్లలో గట్టు తగాదా వస్తే ఏం చేస్తారు? సర్వేయరు వస్తాడు. సర్వే నంబరు చూస్తాడు, గొలుసు లాగుతాడు, హద్దు రాయి ఎక్కడుండాలో అడుగులతో సహా చెబుతాడు. ఈ తొమ్మిది గీతలకు అక్షాంశ రేఖాంశాలు లేవు. ఒక గీత ముక్కకూ ఇంకో ముక్కకూ నడుమ హద్దు ఎలా పోతుందో చెప్పలేదు. లోపలి దీవులు మాత్రమే మావి అంటున్నారా, నీళ్లన్నీ మావే అంటున్నారా, చేపల మీద హక్కు అడుగుతున్నారా అన్నది ఏ ప్రభుత్వమూ తేల్చి రాయలేదు. ఆ తేల్చకపోవడంలోనే దాని బలం ఉంది. కొలతలు చెప్పిన హద్దును కాదనవచ్చు. కొలతే చెప్పని హద్దును ఎక్కడ పట్టుకుని కాదంటారు?

ఎవరి దస్తావేజు వారిది

మిగతా దేశాల దగ్గరా కాగితాలున్నాయి. వియత్నాం మధ్య తీరంలో లీ సోన్ అనే దీవి ఉంది. గుయెన్ ప్రభువుల కాలంలో ఏటా అక్కడి జాలరులు కొందరు ఒక దండుగా పారాసెల్ దీవులకు వెళ్లి, పగిలిన ఓడల సరుకు, సముద్రపు సంపద తెచ్చేవారు. బయలుదేరేటప్పుడు ప్రతి మనిషీ ఒక చాప, కొన్ని వెదురు బద్దలు, పేముతాళ్లు, పేరు చెక్కిన బిళ్ల వెంట తీసుకెళ్లేవాడట. దారిలో చనిపోతే ఆ చాపలోనే చుట్టి, ఆ తాళ్లతోనే కట్టి, సముద్రంలో వదలడానికి. తిరిగిరాని వాళ్లకు ఊళ్లో మట్టిబొమ్మను పాతి సమాధి కట్టారు. గాలి సమాధులని వాటి పేరు. లీ సోన్ జనం ఇప్పటికీ ఏటా వాటి దగ్గర మొక్కులు చెల్లిస్తారు.

చైనాలోని హైనాన్ దీవి జాలరులకూ అలాంటి వారసత్వమే ఉంది. ఏ దిబ్బకు ఏ దిక్కున, ఎన్ని జాముల ప్రయాణమో రాసుకున్న చేతిరాత పుస్తకాలను తండ్రులు కొడుకులకు ఇచ్చేవారు. ఫిలిప్పీన్స్ దగ్గర 1734 నాటి స్పానిష్ పటం ఉంది. లూజోన్ పక్కన ఉన్న దిబ్బ అందులో స్థానికుల పేరుతోనే కనిపిస్తుంది. 1748లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి ఆ దిబ్బకే తగులుకుంది. ఆ ఓడ పేరు స్కార్‌బరో. దిబ్బకూ అదే పేరు నిలిచింది.

ఈ ఆనవాళ్లన్నీ నిజమే. ఇందరు జాలరులు ఇన్ని వందల ఏళ్లుగా అదే నీటిలో తిరిగారు. ఒకరు వెళ్లారన్నది ఇంకొకరు వెళ్లలేదనడానికి సాక్ష్యం కాదు. రాజ్యాలు వచ్చి కూర్చున్నాకే చిక్కు మొదలైంది.

1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం ఆ చిక్కును ముడివేసింది. స్ప్రాట్లీ, పారాసెల్ దీవుల మీద హక్కు వదులుకుంటున్నట్టు జపాన్ చేత రాయించారు. ఎవరికి వదులుతోందో రాయలేదు. పొలం వదిలేశాడు, పట్టా ఎవరి పేరా లేదు. ఇక ఎవరు ముందు వెళ్లి కూర్చుంటే వాళ్లదే అన్న పరుగు మొదలైంది. 1956లో ఫిలిప్పీన్స్‌కు చెందిన తొమాస్ క్లోమా అనే వ్యాపారి స్ప్రాట్లీ దీవులు కొన్నిటిని కనుగొన్నానని, వాటికి స్వేచ్ఛాభూమి అని పేరు పెడుతున్నానని ప్రకటించాడు. తర్వాత మార్కోస్ పాలనలో ఆ హక్కును ఒకే ఒక్క పెసోకు ప్రభుత్వానికి రాసివ్వాల్సి వచ్చింది. 1978లో ఆ ప్రాంతం కలయాన్ పేరుతో ఫిలిప్పీన్స్‌లో భాగమైంది. 1979లో మలేసియా తన పటం తెచ్చింది.

రక్తం కూడా చిందింది. 1974 జనవరి 19న పారాసెల్ దగ్గర దక్షిణ వియత్నాం నౌకాదళానికి, చైనాకు పోరు జరిగింది. వియత్నాం వైపు 70 మందికి పైగా చనిపోయారు. పారాసెల్ మొత్తం చైనా వశమైంది. 1988 మార్చి 14న స్ప్రాట్లీలోని జాన్సన్ సౌత్ దిబ్బ దగ్గర 64 మంది వియత్నాం సైనికులు ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి రెండూ కమ్యూనిస్టు దేశాలే. సిద్ధాంతం ఒకటే అయినా గీత ముందు నిలవలేదు. 1995లో ఫిలిప్పీన్స్ తీరానికి దగ్గరలోని మిస్‌చీఫ్ దిబ్బ మీద చైనా కట్టడాలు లేచాయి. జాలరులు తలదాచుకోవడానికని చైనా చెప్పింది.

దానికి జవాబుగా 1999లో ఫిలిప్పీన్స్ ఏం చేసిందో చూస్తే గుండె బరువెక్కుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి సియెర్రా మాద్రే అనే పాత ఓడను సెకండ్ థామస్ దిబ్బ మీదికి ఎక్కించి వదిలేసింది. ఇరవై అయిదేళ్లు దాటినా అది అక్కడే ఉంది. ఒళ్లంతా తుప్పు, గోడలకు చిల్లులు. ఆ శిథిలం మీద కొద్దిమంది సైనికులు వంతులవారీగా కాపురముంటారు. వాళ్లకు బియ్యం, నీళ్లు తెచ్చే పడవలను చైనా కోస్ట్‌గార్డు నీటిఫిరంగులతో కొట్టింది. 2024 జూన్ 17న అక్కడ కత్తులు, గొడ్డళ్లు బయటికొచ్చాయి. ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది.

న్యాయం చెప్పిన లెక్క

ఈ పోటీకి మందుగా ప్రపంచ దేశాలు 1982లో సముద్ర చట్టాన్ని రాసుకున్నాయి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ప్రాదేశిక జలాలు, 200 మైళ్ల దాకా చేపలు, చమురు మీద హక్కున్న ప్రత్యేక ఆర్థిక మండలి. మనుషులు సొంతంగా బతకగలిగే దీవికైతే ఆ 200 మైళ్లూ వస్తాయి. ఒట్టి బండకైతే 12 మైళ్లే. పోటుకు మునిగిపోయే దిబ్బకు తనకంటూ ఏమీ రాదు. నేల నీటిని ఇస్తుంది, పాత జ్ఞాపకం ఇవ్వదు అన్నది ఈ చట్టం సారం. ఫిలిప్పీన్స్, వియత్నాం, చైనా అన్నీ దీన్ని ఒప్పుకుని సంతకాలు చేసినవే.

2009 మేలో మలేసియా, వియత్నాం కలిసి తమ సముద్రగర్భ హద్దుల లెక్కను ఐక్యరాజ్య సమితికి సమర్పించాయి. చైనా వెంటనే అభ్యంతరం పంపుతూ దానికి తొమ్మిది గీతల పటాన్ని జతచేసింది. బడి పుస్తకాల్లో పెరిగిన గీత అంతర్జాతీయ దస్త్రంలోకి ఎక్కడం అదే తొలిసారి. 2012లో స్కార్‌బరో దిబ్బ దగ్గర ఫిలిప్పీన్స్, చైనా ఓడలు వారాల తరబడి ఎదురెదురుగా నిలిచాయి. చివరికి దిబ్బ చైనా అదుపులోకి పోయింది. ఫిలిప్పీన్స్ 2013 జనవరిలో న్యాయపోరాటానికి దిగింది.

ఘనాకు చెందిన థామస్ మెన్సా అధ్యక్షుడిగా అయిదుగురు సభ్యుల ట్రిబ్యునల్ 2016 జులై 12న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. తొమ్మిది గీతల లోపలి నీటి వనరుల మీద చారిత్రక హక్కు ఉందన్న వాదనకు చట్టపరమైన ఆధారం లేదంది. ఇటు అబాతో సహా స్ప్రాట్లీలోని ఏ దీవికీ 200 మైళ్ల హక్కు రాదంది. దీవులు ఎవరివన్న జోలికి మాత్రం పోలేదు, అది ఆ ట్రిబ్యునల్ పరిధిలోది కాదు. తీర్పులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇంకొక మాట. స్కార్‌బరో దగ్గర ఫిలిప్పీన్స్ జాలరులే కాదు, చైనా, వియత్నాం జాలరులూ తరాలుగా వేటాడుతున్నారు, ఆ సంప్రదాయ వేటను అడ్డుకోవడం తప్పు అని ట్రిబ్యునల్ గుర్తించింది. రాజ్యాల గీతను కొట్టేసిన అదే తీర్పు జాలరుల దారిని నిలబెట్టింది.

చైనా విచారణకు రాలేదు, తీర్పును ఒప్పుకోలేదు. అప్పటికే 2013 చివరి నుంచి ఏడు దిబ్బల మీద ఇసుక తోడిపోసి, దాదాపు 1,300 హెక్టార్ల కొత్త నేల లేపింది. వాటిలో మూడింటి మీద యుద్ధవిమానాలు దిగేంత రన్‌వేలు వేసింది. తోడిన ఇసుక కింద వేల ఏళ్ల పగడాలు సమాధి అయ్యాయి. దక్షిణాన నీట మునిగిన జేమ్స్ షోల్ మీదికీ చైనా యుద్ధనౌకలు వెళ్లాయి. 2013లో, 2014లో నావికులు డెక్ మీద బారులు తీరి, మాతృభూమి దక్షిణపు కొసను కాపాడతామని ప్రమాణం చేశారు. ఆ కొస వాళ్ల కాళ్ల కింద ఇరవై మీటర్ల లోతులో ఉంది.

గీత పటాల్లోంచి బయటికీ నడిచింది. 2012లో చైనా పాస్‌పోర్టుల్లో అచ్చైంది. అదే పటంలో అరుణాచల్ ప్రదేశ్, అక్సాయ్ చిన్ కూడా చైనావిగా ఉండటంతో, మన అధికారులు ఆ పాస్‌పోర్టుల మీద మన పటం ఉన్న వీసాలు అతికించి ఇచ్చారు. 2023లో అలాంటి పటం ఉందన్న కారణంతో వియత్నాం ‘బార్బీ’ సినిమాను నిషేధించింది. అదే ఏడాది వచ్చిన చైనా అధికారిక పటంలో తైవాన్‌కు తూర్పున ఉన్నదానితో కలిపి పది గీతలున్నాయి.

చెరిపిన చోట కుదిరిన హద్దు

ఇప్పుడు ఆ రెండు ముక్కల దగ్గరికి వద్దాం. టాంకిన్ అఖాతంలో గీత చెరిపేశాక ఏమైంది? చైనా, వియత్నాం ఏళ్ల తరబడి మాట్లాడుకున్నాయి. 2000 డిసెంబరులో ఒప్పందం రాసుకున్నాయి. 21 బిందువులు, ప్రతి బిందువుకూ అక్షాంశ రేఖాంశాలు. 2004 నుంచి అది అమల్లో ఉంది. తన పొరుగుదేశంతో చైనా పూర్తిగా తేల్చుకున్న సముద్ర హద్దు అదొక్కటే. గీత ఉన్నచోట తగువు నిలిచింది, గీత చెరిగినచోట హద్దు కుదిరింది. ఈ కథ మొత్తంలో నాకు ఆశ కలిగించేది ఇదే.

మన బంగాళాఖాతంలోనూ అలాంటిదే జరిగింది. 1970 తుపాను తర్వాత హరియాభంగా నది మొగలో ఒక ఇసుకదీవి తేలింది. మనం న్యూ మూర్ అన్నాం, బంగ్లాదేశ్ దక్షిణ తల్పట్టి అంది. 1981లో మన నౌకాదళం వెళ్లి జెండా ఎగరేసింది. తర్వాత ఆ దీవిని సముద్రమే మింగేసింది. హద్దు తగువు మాత్రం మిగిలింది. చివరికి అది ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2014 జులైలో తీర్పు వచ్చింది. తగువులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. ఆ ట్రిబ్యునల్‌లో మనవైపు సభ్యుడు తెలుగు న్యాయకోవిదుడు పెమ్మరాజు శ్రీనివాసరావు. తీర్పులో కొంతభాగంతో ఆయన విభేదించి తన అభిప్రాయం విడిగా రాశారు. అయినా భారత్ తీర్పును శిరసావహించింది. ఆ ట్రిబ్యునల్‌లోని అయిదుగురిలో మెన్సాతో కలిపి ముగ్గురు, రెండేళ్ల తర్వాత దక్షిణ చైనా సముద్రం తీర్పు చెప్పిన అయిదుగురిలోనూ ఉన్నారు. మనుషులు వాళ్లే, చట్టం అదే. ఒక పెద్ద దేశం చిన్న పొరుగు ముందు తగ్గింది, ఇంకొకటి తగ్గలేదు. తగ్గినందుకు మన పరువేమీ పోలేదు.

గీత కనిపించనివాళ్లు

విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒకసారి వల అల్లుకుంటున్న ఒక తండేలును అడిగాను, సముద్రంలో హద్దు ఎలా తెలుస్తుందని. “నీటి మీద గీతెక్కడుంటాది బావూ? చేప ఎటెల్తే మేం అటెల్తాం. డబ్బా మోగితే అప్పుడు తెలుస్తాది” అన్నాడు, జీపీఎస్‌ను చూపిస్తూ. డబ్బా మోగేలోపు గీత దాటితే ఏమవుతుందో ఉత్తరాంధ్రకు తెలుసు. గుజరాత్ బోట్లలో కూలికి వెళ్లిన మనవాళ్లు 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడ్డారు. వాళ్లలో ఇరవై మంది వాఘా దాటి సొంత నేల మీద అడుగుపెట్టింది 2020 జనవరిలో. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు ఏడాదికి పైగా ఎదురుచూశారు.

దక్షిణ చైనా సముద్రంలో ఆ ఎదురుచూపు నిత్యకృత్యం. 1999 నుంచి చైనా ఏటా వేసవిలో అక్కడ వేట నిషేధం ప్రకటిస్తోంది. గుడ్లుపెట్టే కాలంలో వేట ఆపడం మంచిదే, మన తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆపుతాం. కానీ పొరుగువాళ్ల నీటిలో కూడా ఆంక్ష విధిస్తే అది చేప కోసం కాదు, గీత కోసం. 2020 ఏప్రిల్‌లో పారాసెల్ దగ్గర చైనా కోస్ట్‌గార్డు ఓడ తగిలి ఒక వియత్నాం వేటబోటు మునిగిపోయింది. అంతకుముందు 2019 జూన్‌లో ఓ రాత్రి, రీడ్ బ్యాంకు అనే చోట లంగరేసి ఉన్న ఫిలిప్పీన్స్ బోటును చైనా బోటు ఢీకొట్టి వెళ్లిపోయింది. 22 మంది నీళ్ల పాలయ్యారు. వాళ్లలో ఇద్దరు చిన్న పడవ వేసుకుని, దూరాన మినుకుమంటున్న దీపం వైపు తెడ్లేశారు. అది వియత్నాం వేటబోటు. పటాల ప్రకారం ఆ రెండు దేశాలూ ఆ నీటికి పోటీదారులే. వియత్నాం జాలరులు పటం చూసుకోలేదు. అందరినీ బోటులోకి ఎక్కించుకుని అన్నం పెట్టారు.

ఐరావత్ ఆ రోజు రేడియోలో గొంతు విన్నది, దారి మార్చుకోలేదు. అనుకున్నట్టే హై ఫాంగ్ వైపు సాగిపోయింది. యుద్ధనౌకకు ఆ పాటి గుండె ఉంటుంది, వెనక ఒక దేశం ఉంటుంది. కానీ అదే గొంతు లీ సోన్ జాలరి చెక్కబోటు రేడియోలోనూ పలుకుతుంది. లూజోన్ జాలరికీ వినిపిస్తుంది. వాళ్లు వల సగంలో లాగేసుకుని, డీజిలు ఖర్చయినా కడుపు మాడినా, వెనక్కి తిరగాల్సిందే. 1936లో ఒక పండితుడు కాగితం మీద గీత గీసినప్పుడు ఆ పడవలు ఆయన కళ్లముందు లేవు. ఇవాళ ఆ గీతకు అక్షాంశ రేఖాంశాలు అడిగే ప్రతి న్యాయస్థానం, ప్రతి చర్చ, ఆ పడవల్ని మళ్లీ పటం మీదికి తేవాలి. వాటికి దారి విడిచిన హద్దునే హద్దుగా ఒప్పుకోవాలి.